మూడో బటన్ కోసం ఒక అర్జీ

మహారాజశ్రీ కేంద్ర ప్రభుత్వం వారికి, రాష్ట్ర ప్రభుత్వం వారికి, సమస్త రాజకీయ పార్టీల వారికి, టీవీ ఛానెళ్ళ వారికి, బంగారం కొట్ల వారికి, అడగకుండానే అప్పులిచ్చే పుణ్యాత్ములకు: శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పట్టణంలో ఒక సొంతిల్లు, ఒక భార్య, ఒక టీవీ, రెండు సిమ్‌కార్డులు గల గృహస్థుడు చేతులు జోడించి రాసుకున్న అర్జీ. విషయం ఏమనగా, నా చెవులు నావేనా, లేక వాటిని నాకు తెలియకుండా ఎవరికైనా రిజిస్ట్రీ చేసేశారా అన్నది తమరు తేల్చాలి.

ఈ అర్జీ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికే తాతలు దిగొచ్చారు. ఫోన్ మోగితే అది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిధి. టీవీ మోగితే సమాచార ప్రసార శాఖ. అదే ఫోన్లో ఏదైనా యాప్ మోగితే ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ. ప్రకటనలో అబద్ధముంటే 2020లో పెట్టిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ. అప్పుల వ్యవహారమైతే రిజర్వు బ్యాంకు. ఓటడిగితే ఎన్నికల సంఘం. ఇన్ని ఆఫీసులకూ ఇన్ని భవనాలున్నాయి గానీ, మోతలన్నీ వచ్చి పడేది ఒక్క చెవిలోనే. ఢిల్లీ, ముంబైలలో కలిపి దానికి ఆరుగురు ధర్మకర్తలు, ఆమదాలవలసలో కాపలా నేనొక్కణ్ణే.

చట్టం లేదని నేననడం లేదు. పుష్కలంగా ఉంది. వద్దు మహాప్రభో అనేవాళ్ళ కోసం 1909 అనే నంబరుంది. 2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం మనకు ఏ బాధ వద్దో విడివిడిగా ఏరుకోవచ్చు. బ్యాంకులు, బీమా ఒక పద్దు. రియల్ ఎస్టేటు మరొకటి. చదువులు, వైద్యం, వాహనాలు, వినోదాలు, యాత్రలు, తిండి కలిపి మొత్తం ఎనిమిది. అన్నీ వద్దనే హక్కు కూడా ఉంది. నేను అన్నీ వద్దన్నాను. ఆ తర్వాత వచ్చిన మొదటి ఫోన్, భోగాపురం ఎయిర్‌పోర్టుకు పది నిమిషాల దూరంలో ప్లాట్లున్నాయని. స్పీకర్లో విన్న మా ఆవిడ, "పది నిమిషాలంటే ఎవులి కారుకండీ?" అంది. ఫోన్ చేసిన అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు. లైన్ కట్టయింది.

వ్యాపారం ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలట, బ్యాంకుల లావాదేవీల ఫోన్లు 1600తో మొదలవ్వాలట. ప్లాట్లవాడికి ఈ అంకగణితం పట్టదు. మా మేనల్లుడి నంబరులాగే నిక్షేపంలాంటి పది అంకెల నంబరుతో చేస్తాడు. మెసేజీలకైతే 2025 ఫిబ్రవరి సవరణతో తోకలు కూడా తగిలించారు. పంపినవాడి పేరు చివర పి ఉంటే ప్రకటన, ఎస్ ఉంటే సర్వీసు, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే గవర్నమెంటు. మా పక్కనే ఉన్న పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి నలుసులు తీస్తారు. పొద్దున్నే చోడి అంబలి తాగి, నేనూ అంతే ఓపికగా ఫోన్ పట్టుక్కూర్చుని పి ఒకవైపు, ఎస్ ఒకవైపు ఏరుతుంటాను. పత్తి ఏరినవాళ్ళకు చివరికి బట్టయినా మిగులుతుంది.

ఆ నాలుగు తోకల్లోనూ జి తోక దారే వేరు. ప్రభుత్వం ఆదేశంతో ప్రజా ప్రయోజనం కోసం పంపే సందేశాలూ చేసే ఫోన్లూ అసలు అవాంఛిత సందేశాల లెక్కలోకే రావని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే 1909కు నేనెంత మొత్తుకున్నా ఈ తలుపు మూసుకోదు. పోనీ, ప్రజా ప్రయోజనం ఏదో ప్రజలను అడిగి తేలుస్తారా అంటే, అదీ లేదు. పంపేవారే తేలుస్తారు.

దీని మహిమ ఎలాంటిదో ఒక ఉదాహరణ మనవి చేసుకుంటాను. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందుగా దగ్గు వినిపించేదని తమరికి గుర్తుండే ఉంటుంది. అది మహమ్మారి కాలం, సర్దుకున్నాం. ఆ తర్వాత సైబర్ మోసాల వంతు వచ్చింది. 2025 తొలకరిలో ఒక రాత్రి మా పెరటి గుమ్మం దాటి పాము లోపలికొచ్చింది. మా ఆవిడ స్టూలెక్కింది. నేను పాములు పట్టే కుర్రాడికి ఫోన్ చేశాను. రింగుకు బదులు అమితాబ్ బచ్చన్ గారి గంభీర స్వరం. తెలియనివాళ్ళతో జాగ్రత్తగా ఉండమని ఉద్బోధ. మా ఇంట్లో ఆ క్షణాన తెలియని శాల్తీ ఒక్కటే ఉంది, అది బియ్యం డబ్బా పక్కన చుట్ట చుట్టుకుని నాతోపాటు శ్రద్ధగా వింటోంది. "ఓలమ్మో, ఆ ముసిలాయన్ని ఒగ్గేసి కుర్రోణ్ణి పిలవండి" అని స్టూలు మీది నుంచి కేక. పిలుద్దామనే కదా నా తాపత్రయమూ! బోధ పూర్తయ్యాక గానీ రింగు పోలేదు. ఆ జూన్ నెలాఖరుకే ఆ స్వరాన్ని తీసేశారు. పాముకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు, అది ముందే వెళ్ళిపోయింది.

చిరాకు పడటం గృహస్థు బలహీనత, దానికి చట్టమేం చేస్తుందని తమరనవచ్చు. అయ్యా, చిరాకు మీద ఈ దేశంలో చట్టముండేది. ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షను. చిరాకు గానీ అసౌకర్యం గానీ కలిగించే సందేశం పంపితే మూడేళ్ళ దాకా జైలు. ఆహా, నాకోసమే రాశారనుకుంటాం కదా! కానీ అది ఎవరి మీద పడింది? 2012లో కోల్‌కతాలో ముఖ్యమంత్రి మీద కార్టూన్ పంపిన ప్రొఫెసర్ మీద పడింది. అదే ఏడాది మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో రెండు ముక్కలు రాసినందుకు ఒకమ్మాయి మీదా, దాన్ని మెచ్చుకున్నందుకు ఇంకో అమ్మాయి మీదా పడింది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే లేపి క్రెడిట్ కార్డు అంటగట్టబోయినవాణ్ణి ఎక్కడైనా పట్టుకెళ్ళారని నేను వినలేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షను కొట్టేసింది, మంచి పని చేసింది. ఈ అర్జీ నేను ధైర్యంగా రాయగలుగుతున్నది కూడా ఆ తీర్పు పుణ్యాన్నే. లెక్క మాత్రం తమరే చూడండి. పెద్దలకు చిరాకు కలిగితే మూడేళ్ళ జైలు రాశారు. నాకు కలిగితే ఫిర్యాదుకు ఏడు రోజుల గడువు రాశారు. మొన్నటిదాకా అదీ మూడు రోజులే.

ఇక టీవీ. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. పది నిమిషాలు సరుకులకు, రెండు నిమిషాలు ఛానెల్ సొంత డప్పుకు. 2013లో ట్రాయ్ దీన్ని గట్టిగా పట్టుకోబోతే ఛానెళ్ళు ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాయి. మాలాంటివాళ్ళకు తెలిసిందల్లా, బ్రేకింగ్ న్యూస్ మొదలయ్యేలోపు అంబలి చల్లారుతుందని.

ఆ ప్రకటనల్లో ఒక వింత. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పందెం ఆటలను నిషేధించింది. ఆడితే జైలు. ఆడమని చెప్పే ప్రకటన మాత్రం దేశమంతటికీ కలిపి వేసేది కాబట్టి మా గదిలోకీ వచ్చేది. క్రికెటర్లు, సినిమావాళ్ళు వరసగా వచ్చి జట్టు కట్టమని బతిమాలేవాళ్ళు. చివర్లో, ఇది వ్యసనం కావచ్చు, డబ్బు పోవచ్చు అనే హెచ్చరికను తద్దినం మంత్రాల వేగంతో చదివేవాళ్ళు. మా రాష్ట్రంలో నేరమైన పనికి మా ఇంట్లోనే పిలుపు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా ఆ వ్యాపారం ఆపేసింది. భారత క్రికెట్ జట్టు చొక్కాల మీది అలాంటి కంపెనీ పేరు కూడా పోయింది. సెప్టెంబరు ఆసియా కప్‌లో మనవాళ్ళు స్పాన్సరు లేని ఉత్త చొక్కాలతోనే ఆడారు. కప్పు గెలిచారు.

ఫోన్లో కొనుగోళ్ళ సంగతి క్లుప్తంగా. కొనేవాణ్ణి తికమక పెట్టే పదమూడు రకాల మాయలను గుర్తించి, ఇవి చేయరాదని 2023 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేట్టు చేయడం అందులో ఒకటి. మొన్న నేనొక యాప్‌లో ప్రయాణానికి టికెట్టు కొంటూ బీమా వద్దన్నాను. వద్దనే బటన్ మీద, నా కుటుంబ భద్రత నాకు అక్కర్లేదు అని రాసి ఉంది. పక్కనే మా ఆవిడ. ఆ బటన్ నొక్కగల మగాడు జిల్లాలో ఉన్నాడని నేననుకోను.

టెక్నాలజీ వార్తలకు మాత్రం మా ఇంట్లో కరువు లేదు. 2025 అక్టోబరు 14న విశాఖలో గూగుల్ వారు ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి డేటా కేంద్రం కడతామని ప్రకటించారు. మాకు రైలెక్కితే రెండు గంటల దూరం. ఆనందమే. కానీ ఆ రాత్రి చర్చలో తేలిందేమిటి? ఒక పక్షం, మేమే తెచ్చాం అంది. రెండో పక్షం, 2023 మే 3న మేం అదానీ డేటా సెంటర్‌కు శంకుస్థాపన చేసినప్పుడే బీజం పడింది అంది. అన్ని యంత్రాలను చల్లబరచడానికి నీళ్ళెన్ని, ఎక్కడివి, కరెంటెంత, మా పిల్లలకు ఉద్యోగాలెన్ని అని స్టేషను దగ్గర టీ కొట్లో అడిగే ప్రశ్నలు ఆ చర్చలో వినపడలేదు. వినపడి ఉంటే వినేవాణ్ణేమో గానీ, సిగ్నల్ కోసం అప్పటికే మేడెక్కాను. "తాతా, ఇక మన డేటా అంతా విశాఖలోనే ఉంటాదట" అన్నాడు మనవడు. మన డేటా వాళ్ళ దగ్గర ఎప్పుడో ఉంది నాన్నా, దానికి ఇప్పుడు ఇల్లు కడుతున్నారు అన్నాను.

అంతకుముందు రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ తీగ వచ్చింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించారు. 2019లో ప్రభుత్వం మారింది, 2021లో అదే ప్రాజెక్టు మీద సీఐడీ కేసు. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, కథా మారింది. అదే తీగలో ఇంటర్నెట్ ఏ వేగంతో వస్తుందో చెప్పలేను గానీ, రాజకీయం మాత్రం ఎక్కడా బఫరింగ్ కాలేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ చివర్న చెప్పుకుంటున్నాను. ఎన్నికలొస్తే నాయకుల రికార్డు గొంతులు ఫోన్ చేస్తాయి. ఫలానా అభ్యర్థి ఇష్టమైతే ఒకటి నొక్కండి, కాకుంటే రెండు. పోలింగుకు ముందు నలభై ఎనిమిది గంటలు టీవీలో ప్రచారం ఉండరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126వ సెక్షను చెబుతుంది. ఆ మౌనవ్రతం పేపర్లకు లేదు, తెల్లారేసరికి మొదటి పేజీ నిండా నమస్కారాలే. గెలిచాక పాలన గురించి ఫోన్లు. సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకుంటే రెండు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చారు. నేనూ కరెంటు బిల్లు కట్టాను, వరసలో నిలబడే బాధ తప్పింది, కాదనను. కానీ మూతబడిన మా చక్కెర ఫ్యాక్టరీ సంగతేమిటని అడగాలంటే ఏ అంకె నొక్కాలో ఇంతవరకూ ఏ గొంతూ చెప్పలేదు. నా అభిప్రాయం అందరికీ కావాలి. అది ఒకటీ రెండూ దాటకూడదు.

పోనీ నా నంబరు ఎవరిచ్చారో అడుగుదామా? వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు పాటించడానికి కంపెనీలకు మరో పద్దెనిమిది నెలలు. తప్పు చేసినవాడికి 250 కోట్ల దాకా జరిమానా. ప్రభుత్వం కావాలనుకుంటే తన సంస్థలకే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. జి తోక ఇక్కడా కనపడింది.

ప్రభుత్వం నాకు కబురే పంపవద్దని నా వాదన కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఈ జిల్లా చూసింది మేం మరిచిపోలేదు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున గాలి ఎటు నుంచో చెప్పే ఒక్క మెసేజీ లక్ష రూపాయల విలువ. భయమల్లా అదే. పండగ డిస్కౌంట్ల మధ్య, లోను మంజూరైందన్న శుభవార్తల మధ్య, ఫలానా పథకానికి అభినందనల మధ్య తుపాను కబురు కూడా వస్తే, విసిగిన వేలు దాన్నీ తుడిచేస్తుంది. అనవసరంగా నూరుసార్లు పిలిచినవాడు అవసరానికి పిలిచినా ఎవరూ పలకరు.

కనుక నా ప్రార్థనలు మూడు. ప్రాణాపాయ హెచ్చరికలు తప్ప మిగతా జి తోకలకు కూడా వద్దు అనే హక్కు ఇప్పించాలి. పార్టీల రికార్డు గొంతులను ప్లాట్లవాడి గాటనే కట్టి, అదే నియమం, అదే జరిమానా వర్తింపజేయాలి. ఒకటి, రెండు తర్వాత మూడో బటన్ పెట్టించాలి. మూడు నొక్కితే, మళ్ళీ ఫోన్ చేయరాదు. దీనికి బిలియన్ డాలర్లు అక్కర్లేదు, అంకె ఫోన్ మీద ఇప్పటికే ఉంది.

తోటి గృహస్థులకు ఒక మాట. అడగని ఫోనొస్తే నంబరు, తేదీ, విషయం రాసి ఏడు రోజుల్లోపు 1909కు పంపండి. ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలని నిబంధన ఉంది. తీసుకుంటారా అని నన్నడగకండి. ఫిర్యాదులు వేలల్లో వెళితే గానీ, చిరాకు మనకూ ఉంటుందని పెద్దల లెక్కలోకి ఎక్కదు.