వేలంలో దేహం, సర్వర్‌లో ఆత్మ

వేలం నుంచి వచ్చిన విద్యుత్ కారులోని సదుపాయాలను కొన్నవాడికి తెలియకుండా దూరం నుంచే తొలగించి, గొడవ పత్రికలకెక్కాక తిరిగి అమర్చి, జరిగినదంతా సమాచార లోపమేనని టెస్లా కంపెనీ 2020 ఫిబ్రవరిలో సెలవిచ్చిన తరువాత, వాహన శాస్త్రాన్ని ఇకపై మెకానిక్కుల చేతుల్లో ఉంచడం తగదని, దానిని వేదాంత శాఖకు బదిలీ చేయడమే ఉచితమని తేలిపోయింది.

వేదాంతులు జీవికి స్థూల శరీరమని, సూక్ష్మ శరీరమని రెండింటిని చెబుతారు. కంటికి కనిపించి చివరికి బూడిదయ్యేది మొదటిది. కర్మఫలాన్ని మూటగట్టుకొని ఒక దేహం విడిచి మరొక దేహంలో ప్రవేశించేది రెండవది. విద్యుత్ కారులో రేకు, చక్రాలు, సీట్ల కింద పరచిన బ్యాటరీ స్థూల శరీరం కాగా, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ సూక్ష్మ శరీరం. బాకీ తీరలేదనో, లోపం ఉందనో వెనక్కి తీసుకున్న బండిని వేలానికి పెట్టినప్పుడు, ధరావత్తు కట్టి హెచ్చు పాట పాడినవాడికి ‘మూడోసారి’ అన్న కేకతో దఖలు పడేది దేహం మాత్రమే. ఆత్మ పరమాత్మ సన్నిధిని, అనగా కంపెనీ సర్వర్‌ను, ఏనాడూ విడిచి రాదు.

ఈ సిద్ధాంతానికి ప్రమాణం ఆ కారే. 2017 నాటి ఆ మోడల్ ఎస్‌ను కంపెనీయే వెనక్కి తీసుకొని, 2019 నవంబరులో వేలం ద్వారా ఒక డీలరుకు అమ్మింది. డిసెంబరులో అది డీలరు నుంచి మరొకరికి చేరింది. దారి వరుసలో తనంతట తాను సాగే ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్, పేరులో తప్ప మరెక్కడా సంపూర్ణం కాని ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అనే రెండు సదుపాయాలు కారుతో వచ్చిన ధరల పత్రంలో అచ్చయి ఉన్నాయి. రెండింటి విలువ కలిపి 8,000 డాలర్లు. అయితే అమ్మకం ముగిశాక చిత్రగుప్తుడు చిట్టా తిరగేశాడు. దీనినే కార్పొరేట్ పరిభాషలో ఆడిట్ అంటారు. డబ్బు కట్టని సదుపాయాలు పొరపాటున ఈ కారులో ఉండిపోయాయని అందులో తేలడంతో, రేకు మీద గీత పడకుండా, తలుపు తాళం తీయకుండా ఆ రెండూ మాయమయ్యాయి. పుణ్యం ఆత్మ వెంట వస్తుందన్న ప్రాచీనుల నమ్మకం ఇక్కడ చెల్లదు. పాత యజమాని చెల్లించినది పాత జన్మలోనే ఖర్చయిపోతుంది.

పాపం మాత్రం నమ్మకంగా వెంట వస్తుంది. ప్రమాదంలో దెబ్బతిని, ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలో చచ్చిపోయి, వేలంలో పునర్జన్మ ఎత్తిన టెస్లా కార్లను ఎంత చక్కగా బాగుచేయించినా, వేగంగా చార్జింగ్ చేసే కంపెనీ కేంద్రాలు 2020లో వాటిని దగ్గరికి రానివ్వలేదు. కంపెనీ మొదట తయారుచేసిన రోడ్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారుదైతే మరీ విషాదయోగం: ప్లగ్ తగిలించకుండా నెలల తరబడి నిలబెట్టినందువల్ల బ్యాటరీ అడుగంటితే అది మళ్లీ లేవదని, కొత్త బ్యాటరీకి 40,000 డాలర్ల దాకా అవుతుందని 2012లోనే బయటపడింది. జప్తు చేసిన బండిని యార్డు మూలన పడేసి మరచిపోవడం ఏ దేశంలోనైనా మామూలే కనుక, వేలంలో అటువంటి కారును పాడేవాడు ముందుగా నాడి పట్టి చూడటం మంచిది.

పరమాత్మకు దయ లేదనరాదు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను మీద పడుతున్నప్పుడు, ఫ్లోరిడాలో 75 యూనిట్ల బ్యాటరీ ఉన్నా 60 యూనిట్లకే తాళం వేసి అమ్మిన కార్లకు, ప్రాణాలు దక్కించుకొని పారిపోయేందుకు వీలుగా ఆ తాళం సర్వర్ నుంచే తీశారు. గండం గడిచాక మళ్లీ వేశారు. ఆ మిగిలిన 15 యూనిట్ల బరువును యజమానులు అంతకాలమూ తమ కారులోనే, తమ ఖర్చుతోనే మోసుకు తిరిగారన్న సంగతి వరప్రసాదాన్ని కొనియాడే వేళ ప్రస్తావించడం మర్యాద కాదు కాబోలు.

ఇంతకూ ఆ సమాచార లోపం ఎవరికీ ఎవరికీ మధ్య? వెనక్కి తీసుకున్నదీ, వేలానికి పెట్టినదీ, సొమ్ము పుచ్చుకున్నదీ, ఆడిట్ చేసినదీ, తొలగించినదీ ఒక్క కంపెనీయే. ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన ఆటోను వేలంలో పాడుకున్న బెజవాడ డ్రైవరు టైర్లు తన్ని చూసుకొని, స్టెప్నీ ఉందో లేదో సరిచూసుకొని, ఒకసారి రోడ్డెక్కించాడంటే, ఆ ఫైనాన్స్ వాళ్లు అర్ధరాత్రి వచ్చి స్టీరింగ్ ఊడబీకి, అది మా లెక్కలో లేదంటే ఊరుకోడు; పోలీస్ స్టేషనుకు పోతాడు. అదే పనిని తీగ కూడా లేకుండా చేసిన కంపెనీ కనీసం తప్పయిందని అనదు, లోపమంటుంది. పత్రికలకెక్కిన కారుకు ఆత్మ వారంలో తిరిగి వచ్చింది. పత్రికల దాకా పోలేని యజమాని ఏ సర్వర్ గుమ్మం ముందు నిలబడాలి?