ఒక్క పెట్టె, మూడు ఖాతాలు

నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల నేతగాని ఇంట్లో ఉండే డెస్క్‌టాప్‌ని. నా పక్కనే గుంతమగ్గం. దాని నెత్తిన వేలాడే జకార్డు అట్టలంటే నాకు గౌరవం. అట్టకు బొక్క ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. 1804 నాటి ఆ ఉపాయమే తర్వాత లెక్కల యంత్రాల దాకా వచ్చింది. వరసకు నాకు ముత్తాత. ఇంట్లో ఎవరికీ ఈ చుట్టరికం పట్టదు. వాళ్లకు నేను పాటల పెట్టెను.

నాలో మూడు ఖాతాలున్నాయి. పేర్లు కొడుకు పెట్టాడు. నాయనకు ధర్మవరం, పుట్టింటి మీద అమ్మకు హిందూపురం, కార్ల ఫ్యాక్టరీ డ్యూటీ మీద తనకు పెనుకొండ. మూడూ ఒకే రైలుదారిలోని ఊళ్లు.

పొద్దున్నే నాయన ఘంటసాల పాటలు పెట్టి గుంతలోకి దిగుతాడు. దిగితే ఇక పైకి రాడు. అమ్మ వచ్చి స్విచ్ యూజర్ నొక్కి, తన ఖాతాలో కన్నడ రాజ్‌కుమార్‌ను పెడుతుంది. సరిహద్దు ఊరి చెవులు మరి! తెర మారింది కాబట్టి ఆయన పాట ఆగిందనుకుంటుంది. ఆగదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఈ సదుపాయంలో వెనక్కి పోయిన ఖాతా మూతపడదు. అందులో తెరిచినవన్నీ నా మెమరీని పట్టుకునే ఉంటాయి. ఖాతాలు మూడైనా స్పీకర్లు ఒక్క జతే. గాయకులిద్దరూ అక్కడ కలబడతారు.

"ఏమే, ఆ గోల?"

"గోల నీదే, ఆపుకో పో."

పాటల ఫైళ్లు మాత్రం ఉమ్మడే. పబ్లిక్ మ్యూజిక్ ఫోల్డర్లో ఒక్క కాపీ ఉంటే ముగ్గురికీ చాలు. ఎవరికేది ఇష్టమో రాసుకునే జాబితాలు ఎవరివి వాళ్లవే. అది మంచిదే, కొడుకు వినేవి నాయన కంటపడితే ఇంకో పంచాయితీ.

అసలు పేచీ కొడుకుతో. అతనూ నాయనా వాడేది ఒకటే యాప్. అది ఒక ఖాతాలో తెరిచి ఉంటే రెండోదాంట్లో తెరుచుకోనంటుంది. నాయన సైన్ అవుట్ అయితే సరిపోతుంది గానీ, ఆ అలవాటు ఆయనకు లేదు. మొన్న నైట్ షిఫ్టు దిగొచ్చి, "నాయనా, నీ పాస్‌వర్డు చెప్పు" అన్నాడు కొడుకు.

"పడుగు తెగిందిరా, అతుకుతాండా. రాసుకో," అంటూ నాయన గుంతలోంచే ఒక్కో అక్షరం అరిచి చెప్పాడు.

మా వీధిలో ఇప్పుడు అది తెలియనివాళ్లు లేరు.