మా అమ్మ పింఛను

పింఛను పుచ్చుకోవడమంటే ఒకరి ముందు చేయి చాచడమేనని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం నాదే అయినా, నష్టపోయింది మాత్రం మా అమ్మ.

మాది కనిగిరి. కొట్లో గుమాస్తాగిరీ, ఊరవతల కాస్త మెట్ట పొలం, అంతే నా ఆస్తి. అమ్మ వయసంతా పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టడంలో, మిరప కోతల్లో, కంది చేలల్లో గడిచిపోయింది. మా ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు ముందుగానే బిగుసుకుపోయాయి. కూలికి పోవడం ఆగిపోయింది. దాంతోపాటు ఆమె చేతిలో డబ్బు ఆడటమూ ఆగిపోయింది. ఆ రెండో సంగతి నాకు తట్టనే లేదు.

2019 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను వయసు 65 నుంచి 60కి తగ్గింది. అప్పట్లో నెలకు 2,250 రూపాయలు ఇచ్చేవారు. మా వీధి వలంటీరమ్మాయి ఇంటికొచ్చి, "అన్నా, పెద్దమ్మ పేరు రాసుకుంటా, ఆధార్ కార్డూ రేషన్ కార్డూ ఇవ్వు" అంది. గుమ్మంలోనే ఆపేశాను. "కొడుకు బతికుండగా మా అమ్మకి సర్కారు సొమ్మెందుకమ్మా?" అన్నాను. అమ్మ లోపల్నుంచి వింటూనే ఉంది. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. కొడుగ్గా నా మాట నిలబెట్టుకున్నానని లోలోపల పొంగిపోయాను కూడా.

ఒకరోజు ఆమె మంచం పక్కన గూట్లో దేనికో వెతుకుతుంటే కాగితం పొట్లం దొరికింది. అందులో సగానికి విరిచిన బీపీ మాత్రలు. అడిగితే చెప్పింది: "సగం సగం వేసుకుంటే రెండు నెలలొస్తాయిరా అబ్బాయ్. తిండికి నువ్వేం లోటు చేయలా. కానీ ప్రతిదానికీ నిన్ను అడగాలంటే నోరు రాదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎవరి ముందూ చేయి చాచకూడదని నేను పంతం పట్టాను. ఆ పంతం వల్లే మా అమ్మ నెలనెలా నా ముందు చేయి చాచాల్సి వచ్చింది. అది కష్టమనిపించి మందు సగానికి తగ్గించుకుంది. ఇంకో దారుణం ఏమిటంటే, ఆ మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. అక్కడికి పంపడం కూడా నామోషీ అనుకున్నవాణ్ణి నేనే.

ఆమె కంటి శుక్లాల సంగతీ అంతే. సర్కారు ఆసుపత్రుల్లో లెన్స్‌తో సహా ఆ ఆపరేషన్‌ను ఉచితంగా చేస్తారు. ఊరికే చేసే పని శ్రద్ధగా చేయరని నాకు నేనే తీర్మానించుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ప్రైవేటులో చేయించాను. అప్పు తీరేదాకా ఇంట్లో అందరికంటే ఎక్కువ నలిగింది ఆమే. తన వల్లే ఇంటిమీదికి అప్పు వచ్చిందని ఆమె బాధ.

చివరికి సచివాలయానికి వెళ్లి నేనే దరఖాస్తు ఇచ్చాను. పింఛను మంజూరైంది. మొదటిసారి డబ్బులు ఇవ్వడానికి వచ్చినవాళ్ల మిషన్ మీద ఆమె వేలిముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, ఇంకో వేలు పెట్టింది. పొగాకు జిగురుకీ మిరపకాయల ఘాటుకీ గీతలు అరిగిపోయిన వేళ్లు అవి. కంటిపాప స్కాన్ చేశాక గానీ డబ్బు చేతికి రాలేదు. 2024 జులై 1న పెరిగిన 4,000తో పాటు మూడు నెలల బకాయి 3,000 కలిపి 7,000 రూపాయలు అందుకుంది. అందులోంచి మనవరాలికి పరికిణీ గుడ్డ కొంది. మాత్రలకు విడిగా తీసిపెట్టింది. నన్ను ఏమీ అడగలేదు. నేను కాలదన్నిన నెలల డబ్బు మాత్రం ఇక రాదు.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. బడి పంతులు పింఛను తీసుకుంటే దాన్ని ముష్టి అని ఎవరూ అనరు. జీవితమంతా కష్టపడిన కూలీ మనిషి తీసుకుంటే మాత్రం నాకు తలవంపులనిపించింది. ఆమె కర్రలకు కట్టిన పొగాకు మీద సర్కారుకు ఎంత పన్ను వచ్చి ఉంటుందో నేనెన్నడూ ఆలోచించలేదు. ముసలితనంలో పౌరులకు ఆసరా కల్పించడం రాజ్యం బాధ్యతని రాజ్యాంగం 41వ అధికరణంలోనే రాసి ఉంది. జాతీయ స్థాయిలో వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15 నుంచి ఉంది. ఇది ఎవరి దయా కాదు.

అందుకే నాలాంటి కొడుకులకు, కూతుళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి. 70 దాటిన వాళ్లకు, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. పేద వృద్ధులకు చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్‌లో మన పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. ఆర్టీసీ బస్సులో 60 దాటిన వాళ్లకు టికెట్‌లో నాలుగో వంతు తగ్గుతుంది. ఏ సాయం కావాలన్నా, ఎవరైనా వేధించినా 14567కు ఫోన్ చేయొచ్చు. బిడ్డలు చూడకపోతే, తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేసుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. 2022లో రెవెన్యూ డివిజన్ అయ్యాక ఆ ఆఫీసు కనిగిరిలోనే ఉంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మానాన్నల పక్కన కూర్చోండి. ఏ మందులు వేసుకుంటున్నారో, చేతిలో సొంత డబ్బు ఏమైనా ఉందో అడగండి. రేపు ఆధార్ కార్డు పట్టుకుని సచివాలయానికి వెళ్లండి. మీ పరువు కోసం వాళ్ల హక్కును వదిలేయకండి.