కొత్త బూట్ల పాదయాత్ర

కర్నూలు, కడపల్లో ఏ ఆఫీసుకు పోయినా ఈయన ఒకడు కనిపిస్తాడు. వయసు నలభై అయిదుకూ యాభై అయిదుకూ నడుమ. సందు చివర పాల ప్యాకెట్‌ తేవాలన్నా బండి తీస్తాడు. ఎండ చురుక్కుమని ఉగాది దగ్గరపడగానే మాత్రం ఈయనకు పూనకం వస్తుంది. కన్నడ భక్తులు మూటలు నెత్తిన పెట్టుకుని, కొందరు కట్టెకాళ్లు కట్టుకుని మరీ శ్రీశైలానికి నడిచిపోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూస్తాడు. "వాళ్లు రాయచూరు అవతల నుంచి వస్తాండారు. మనం ఆత్మకూరు నుంచి పోలేమా ఏంది?" అంటాడు.

తిరకాసంతా అక్కడే ఉంది. వాళ్లవి సేద్యం చేసే కాళ్లు. పైగా రోజుల తరబడి నడుస్తూ రావడంతో అడవి మొగదలకు చేరేసరికి రాటుదేలి ఉంటాయి. ఈయన కాళ్లు అక్కడిదాకా కారులో వస్తాయి.

తయారీ అంటే ఈయన లెక్కలో కొనుగోలే. బూట్లు, మోకాలి పట్టీ, టోపీ, అడుగులు లెక్కపెట్టే వాచీ అన్నీ వచ్చేస్తాయి. బూట్లు మాత్రం డబ్బాలోంచి బయటికి రావు. "నెల ముందు నుంచి వాటితోనే రోజూ నడువు నాన్నా, కొంచెం కొంచెం దూరం పెంచుకో" అంటుంది డిగ్రీ చదివే కూతురు. "ఇప్పుడే నడిచేస్తే అక్కడికి ఓపిక యాడ మిగుల్తాది పాపా?" అని ఈయన జవాబు. కండ బలం బ్యాంకులో డబ్బు కాదు, వాడకుంటే పెరగడానికి. ఆ సంగతి ఈయనకు తెలియదు.

వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెడితే నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. సుమారు నలభై కిలోమీటర్ల దారి. మొదటి గంటలో ఈయన ముందు ఎవరూ నిలవరు. ముసలమ్మలను దాటేస్తాడు, కుర్రాళ్లను దాటేస్తాడు, దాటిన ప్రతిసారీ వాచీ చూసుకుంటాడు. నాగలూటి వచ్చేసరికి మడమ మండుతుంటుంది. బండరాయి మీద కూర్చుని బూటు లాగితే నూలు సాక్సు చెమటకు ముద్దయి ఉంటుంది, మడమ మీద రూపాయి బిళ్లంత నీటిపొక్కు. తడి చర్మం, బిగువు బూటు, రాపిడి మూడూ కలిస్తే అయ్యేది అదే. పొద్దంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది కనుక బూటు సాయంత్రం పూట, కాస్త వదులుగా ఉండేది కొనాలి. ఈయన కొన్నది పొద్దున్నే, ఏసీ షాపులో. పొక్కు గిల్లబోతే, ఇందాక వెనకబడ్డ కన్నడ అవ్వ వచ్చి చేతి మీద ఒక్కటేసి, గుడ్డ పట్టీ కట్టి, అరిగిన చెప్పులతో చకచకా ముందుకు సాగిపోతుంది.

భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు మళ్లీ హుషారు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది కాబట్టి కష్టమంతా ఎక్కడంలోనే ఉందని ఈయన నమ్మకం. తొడలను అసలు దెబ్బతీసేది దిగడమే. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుతూనే కండరం సాగాలి. అలవాటు లేని కండలో సన్నసన్నటి చీలికలు పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు గానీ ముదరదు. అందుకే శ్రీశైలంలో ఈయన "ఏం కాలే, సూడు" అని ఫొటో దిగుతాడు. మూడో రోజు ఆఫీసు మెట్లు రెయిలింగు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతాడు. "ఏంది సార్, రివర్సు గేరా?" అంటాడు అటెండరు.

ఇక వైద్యం. ఒకరు నువ్వులనూనె అంటారు, ఇంకొకరు నేరుగా పుత్తూరు కట్టే కట్టించమంటారు, ఎముకకు ఏమీ కాకపోయినా. ఇల్లాలు అమృతాంజనం అందిస్తుంది. ఈ మందుకూ సీమకూ పాత చుట్టరికమే ఉంది. 1893లో బొంబాయిలో దీన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి మద్రాసు ఇంట్లోనే 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. కోస్తావాళ్లు సీమకు ఇచ్చిన మాటల సంగతి ఎట్లున్నా, మందు మాత్రం ఇంటింటికీ చేరింది. దాంతో మంట తగులుతుంది, నొప్పి కాసేపు మరుగున పడుతుంది. చీలిక మానడానికి దాని నాలుగు రోజులు దానికి కావాలి. ఆలోపు మెల్లగా అటూ ఇటూ నడిస్తే బిగువు సడలుతుంది. ఒక్క కీలే వాచి, కాలు మోపలేకపోతే అది వేరే సంగతి, డాక్టరు చూడాల్సిందే. ఈయన ఆ కాస్త నడకా నడవడు. మంచం మీద పడుకుని, వచ్చే ఏడు పోబోయేవాళ్లకు ఫోన్లో సలహాలు చెప్తుంటాడు.

నొప్పి తగ్గీ తగ్గకముందే కడప నుంచి బామ్మర్ది ఫోను. "బావా, ఆదివారం గండికోటకు పోదాం. బండల్లో నుంచి పెన్న ఒడ్డుదాకా దిగాల."

"దిగేదే కదరా" అంటాడు ఈయన, తొడ రుద్దుకుంటూ. "దిగేదానికి కష్టమేముంది!"