సముద్రానికి వీపు పెట్టి

సముద్రం మీద గడిపే రోజులంటే మనసుకు విశ్రాంతి, ప్రకృతితో ఏకాంతం అని క్రూజ్ బ్రోచర్లు బల్లగుద్ది చెబుతాయి. ఏకాంతమే కావాలనుకున్నవాడు మూడు వేల మందిని వెంటేసుకుని ఎందుకు బయల్దేరాలో మాత్రం ఏ బ్రోచరూ చెప్పదు.

లాస్ ఏంజెలెస్‌లో ఓడెక్కితే హవాయి చేరేదాకా నాలుగైదు రోజులు ఎటు చూసినా నీళ్లే. తిరిగి రావడానికి మళ్లీ అన్ని రోజులు. పడమరకు పోయేకొద్దీ గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి కొన్ని రోజులకు 25 గంటలు కూడానూ. హాయిగా సముద్రం చూస్తూ కూర్చోవచ్చు కదా అంటారా? ముందు కుర్చీ దొరకాలి. పొద్దు పొడవకముందే ఈతకొలను చుట్టూ ఉన్న పడక కుర్చీల మీద తువ్వాళ్లు వెలుస్తాయి. గాలికి ఎగరకుండా అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ క్లిప్పులు, మధ్యలో బోర్లించిన నవల, కింద ఒంటి చెప్పు. మనిషి మాత్రం పదకొండు దాటితే గానీ రాడు. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినవాడు కనీసం కర్చీఫ్ వెనకే తోసుకుంటూ వచ్చేవాడు. ఇంత పోరాడి దక్కించుకున్న ఆ కుర్చీలు ఎటు తిరిగి ఉంటాయో తెలుసా? కొలను వైపు!

జనాన్ని అని లాభం లేదు, ఓడలు కట్టడమే అలా కడుతున్నారు. 2009లో వచ్చిన ‘ఒయాసిస్ ఆఫ్ ది సీస్’ నడిమధ్యన వేల మొక్కలతో పార్కు పెట్టి, కొన్ని గదుల బాల్కనీలను సముద్రం వైపు కాకుండా ఆ పార్కు వైపు తిప్పారు. 2024లో బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో ఏడు ఈతకొలనులు. చుట్టూ ఉన్న నీళ్లు చాలలేదు కాబోలు. కిటికీలేని గదుల్లో కొన్నింటికి గోడంత తెర పెట్టి, బయటి సముద్రాన్ని కెమెరాతో లోపలికి ప్రసారం చేసే ఓడలూ ఉన్నాయి. నడిసముద్రంలో కూర్చుని సముద్రాన్ని టీవీలో చూడటమన్నమాట!

ఎందుకిలా అంటే, రేవులో ఆగినంతసేపూ ఓడలోని కాసినోకీ, పన్నులేని దుకాణాలకూ మామూలుగా తాళాలే. అవి తెరుచుకునేది ఒడ్డుకు దూరమయ్యాకే. రేవులో గడిచే రోజు ప్రయాణికుడిది, సముద్రంలో గడిచే రోజు కంపెనీది. అలలకేసి చూస్తూ కూర్చునేవాడి వల్ల కంపెనీకి దమ్మిడీ రాదు. అందుకే వాణ్ణి లేపడానికి గంటకో కార్యక్రమం: క్విజ్జు, బింగో, నాప్కిన్ మడిచే శిక్షణ, చేతికి షాంపేన్ గ్లాసిచ్చి బొమ్మల వేలం. బంగారు పూత గొలుసుల్ని అంగుళాల లెక్కన కోసి అమ్మే బల్ల దగ్గరైతే తొక్కిడే. కాసులూ తులాలూ తప్ప ఎరగని మన పిన్నిగార్లు ఎవరైనా అక్కడుంటే బేరం మొదటి అంగుళం దగ్గరే తేలిపోయేది.

మిట్ట మధ్యాహ్నం కెప్టెన్ మైకులో మాట్లాడతాడు. ఎక్కడున్నామో, గాలి ఎటు వీస్తోందో చెప్పి, ఓడ కింద నాలుగు కిలోమీటర్లకు పైగా లోతుందంటాడు. ఒళ్లు జలదరించాల్సిన మాట. ఆ వెంటే ఇంకో గొంతు అందుకుంటుంది: రెండింటికి బింగో, కార్డులు ఇప్పుడే కొనుక్కోండి.

రాత్రి గదికొస్తే మంచం మీద తువ్వాలుతో మడిచిన ఏనుగు ముద్దుగా చూస్తుంటుంది. దాన్ని మడిచినవాడికి నెలల తరబడి వారం సెలవుండదు. బ్రోచర్లో అన్నన్ని పేజీల విశ్రాంతిలో అతని వాటా ఎంతో అడగకండి.

తిరుగు దారిలో ఓడ మెక్సికోలోని ఎన్సెనాడాలో కాసేపు ఆగుతుంది. ముచ్చటపడి కాదు. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులు చుట్టివచ్చేటప్పుడు మధ్యలో ఓ పరాయి రేవు తాకాల్సిందేనన్న 1886 నాటి చట్టం పుణ్యమది. గట్టు కనబడగానే, అన్ని రోజులూ ఖాళీగా పడున్న రెయిలింగ్ దగ్గర కాలు పెట్టే సందుండదు. నేల, నేల అంటూ ఒకటే ఫొటోలు. అంతకన్నా పెద్ద వరుస లోపల ఇంకో బల్ల దగ్గరుంది, వచ్చే ఏడాది క్రూజుకు బయానా కట్టేవాళ్లది. ఈసారి సముద్రం మీద రోజులు ఇంకాస్త ఎక్కువుండాలట.