కొబ్బరాకు ముందు నా తెలివి

పరీక్షలొస్తే మా ఐనవిల్లిలో పిల్లలు పెన్నులు పట్టుకెళ్లి సిద్ధి వినాయకుడి ముందు పెట్టి తెచ్చుకుంటారు. నేనూ తెచ్చుకున్నాను. ఆ పెన్నుతో పరీక్షలన్నీ గట్టెక్కి, చివరికి పెన్నూ కుంచే ముట్టుకోకుండా కంప్యూటర్ చేత బొమ్మలు వేయించే పనిలో కుదిరాను. గ్రాఫిక్స్‌లో ఎక్కువమంది అచ్చం ఫోటోలా ఉండే బొమ్మ కోసం పాట్లు పడతారు. మాది ఎదురు దారి: ఫోటో ఇస్తే చేత్తో వేసినట్టు మార్చాలి. ఊళ్లో ఏం చేస్తున్నావని అడిగితే ఇదంతా చెప్పలేక ‘కంప్యూటర్లు’ అనేవాణ్ణి.

సెలవులకొచ్చి కొబ్బరితోట ఫోటో తీసుకెళ్లాను చూడండి, నా మూర్ఖత్వం అక్కణ్ణుంచి మొదలు.

ఈ విద్యకి 1990లో పాల్ హేబర్లీ దారి వేశాడు. ఫోటో మీద మౌసు కదిపితే అక్కడి రంగు తీసుకుని కుంచె పూత వేసేది ఆయన ప్రోగ్రాము. 1998లో ఆరన్ హెర్ట్జ్‌మన్ చేసిన పద్ధతికి ఆ మౌసు కూడా అక్కర్లేదు. ముందు ఫోటోని బాగా మసకబార్చి పెద్ద కుంచెతో పూయించాడు. తర్వాత బొమ్మనీ ఫోటోనీ పోల్చి, తేడా ఒక హద్దు దాటిన చోట మాత్రం చిన్న కుంచె, ఇంకా తేడా ఉంటే ఇంకా చిన్నది. ఆకాశం పెద్ద పూతల్లోనే తేలిపోతుంది, కళ్ల దగ్గరికి సన్న కుంచె వస్తుంది. చక్కటి లెక్క.

కొబ్బరితోటలో అది బోర్లాపడింది. మట్టకి రెండు పక్కలా ఆకులు, ఆకుల సందుల్లో ఆకాశం, దాని వెనక ఇంకో చెట్టు మట్టలు. ఎక్కడ చూసినా తేడా హద్దు దాటేస్తుంది. అతి సన్న కుంచె తోటంతా పాకి, నేనిచ్చిన ఫోటోయే కాస్త మురికి పట్టి తిరిగొచ్చింది. హద్దు పెంచితే పచ్చటి ముద్ద. బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ఈనె వంగినట్టు కుంచె వంగడానికి ఒక మీట పెట్టాను, చెయ్యి వణికినట్టు కనబడటానికి ఇంకో మీట పెట్టాను. వణుకు! చెయ్యి వణక్కూడదని ఏళ్ల తరబడి సాధన చేసేవాళ్ల పనికి నేను వణుకు జోడిస్తున్నాను. నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మల్నీ వదల్లేదు. గీత మందం కొలిచాను, వంపు కొలిచాను. గీత ఆపేసిన చోటు కొలవాలని మాత్రం తోచలేదు.

ఫ్లెక్సీలు రాకముందు మా సెంటర్లో బోర్డులు రాసే ఒకాయన ఉండేవాడు. నాలుగు గీతల్లో కొబ్బరిచెట్టు లేపేసేవాడు. మెచ్చుకుంటాడని నా ప్రింటు చూపించాను.

“ఆయ్, బాగుందండి. ఫోటో ఎవరు తీశారండీ?” అన్నాడు.

మంట పుట్టి, మరి మీ చెట్టుకి అన్ని తక్కువ ఆకులేమిటని అడిగాను.

“చూసేవోళ్లది ఈ ఊరే కదండీ, కొబ్బరిచెట్టంటే తెలవదేంటండీ?”

ఈయనకి రిజల్యూషన్ సంగతి తెలియదు పాపం అని జాలిపడి ఇంటికొచ్చాను.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటి. ఆయన చెప్పిన మాటే అచ్చులో నా అలమారలో ఉంది. పెన్నూ ఇంకు బొమ్మల మీద 1994లో వింకెన్‌బాక్, సేల్సిన్ రాసిన పేపరు. గోడలో ఇటుకలన్నీ గీయక్కర్లేదు, అక్కడక్కడ కొన్ని చాలు, మిగతావి చూసేవాడు ఊహించుకుంటాడన్నారు. ఆ కొన్ని ఎక్కడ ఉండాలో మాత్రం కంప్యూటర్‌కి వదల్లేదు, మనిషే గీసి చూపించాలి. అది చదివి నేను పక్కన ‘ఇంకా ఆటోమేటిక్ కాలేదు’ అని రాసుకున్నాను. పెద్దవాళ్ల లోపం కనిపెట్టేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

2015లో గాటిస్, ఎకర్, బెత్‌గె న్యూరల్ నెట్‌వర్క్ చేత ఒక చిత్రం పోకడని ఇంకో ఫోటోకి పులిమించారు. నా మీటలన్నీ అటకెక్కాయి. ముందు ఏడుపొచ్చింది. తర్వాత తోట ఫోటో ఇచ్చి చూస్తే ఆకుకీ ఆకాశానికీ ఒకే సుడులు చుట్టింది. దానికీ కొబ్బరాకు రాలేదని దొంగ సంతోషం. హెర్ట్జ్‌మన్ రైస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సుతోపాటు చిత్రకళ కూడా చదివినవాడు. 2018లో ఆయనే, ప్రోగ్రాము పనిముట్టు, కళాకారుడు మనిషేనని వాదిస్తూ పెద్ద వ్యాసం రాశాడు. అదీ చదివాను. ఇన్నేళ్లు చేసి చివరికి చేతులెత్తేశాడే అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు ఫోన్‌లో తోట ఫోటో తీసి, ఏదో యాప్‌కిచ్చి, క్షణంలో నీటిరంగుల బొమ్మ చేసి చూపించాడు. “ఎలా ఉంది మావయ్యా?” నా కళ్లు తిన్నగా మట్టల మీదికే పోయాయి. “ఇదిగో, ఇక్కడ చూడు, తేడాకి హద్దు ఎక్కడ పెట్టాడో...” అని మొదలుపెట్టాను. వాడు నా చేతిలోంచి ఫోను లాక్కుని, “అత్తయ్యా, నువ్వు చూడు” అంటూ వంటింట్లోకి పోయాడు.