పెండింగా, ప్రాసెసింగా?

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. నర్సింహులపేట పిల్లలకు చిక్కల్లా దగ్గరి మాటలతోనే. సే, టెల్, స్పీక్, టాక్... నాలుగూ నోటి పనే. కానీ టెల్ వెంటనే మామూలుగా ఎవరికి చెప్పామో ఉండాలి, సే వెంట అక్కర్లేదు. ‘సే మీ’ అని రాశారో, మార్కు గోవిందా!

ఇంత తిప్పలెందుకు బిడ్డా? పట్టా పని మీద మీ నాయిన ఆఫీసుకు పోయేటప్పుడు వెంట పో. వానకాలం పోతే ‘పెండింగ్’, దసరాకు ‘ప్రాసెస్‌ల ఉంది’, వడ్లు అమ్మినంక ‘అండర్ కన్సిడరేషన్’, యాసంగి నాట్లకు ‘ఫార్వర్డ్ చేసినం’. వీటికి తేడా ఏందని అడిగితే ‘సర్వర్ డౌన్’ అని ఐదోది కూడా నేర్పుతరు. ఫీజు లేని కోచింగ్ (రసీదు అడగొద్దు, అంతే).

తెలుగులో మాత్రం తక్కువ తిన్నరా? భూరికార్డుల పోర్టల్‌ను 2020ల ధరణి అన్నరు, 2025ల భూభారతి అన్నరు. రెండు పేర్లలోనూ భూమి ఉంది. మీ నాయిన పాసుబుక్కులనే రెండు గుంటలు తక్కువ.